ఎనిమిది తానులు

తెల్లారగట్ల నాలుగున్నర. అల్ కూజ్‌ల గోదాముల ఎన్క
ట్రక్కులు నిలవెట్టే జాగ.
ఆగస్టు గాలి తడి తువ్వాల లెక్క మొకానికి అంటుకుంటది.
ముసలామె అప్పటికే అచ్చి ఉంటది,
చెప్పులిడిసి, రెండూ ఒక్క తీరుగ పక్కకు పెట్టి.

పక్క గోదాము దీపాలది. కొడుకు ముదీరు.
ఆమె పేరు ఛ్యూ లాన్‌యింగ్ అట.
మా రూమోల్లం అమ్మమ్మ అంటం, ఆమెకు తెల్వది.

నేను దగ్గుకుంట డబ్బాలు దించుడు చూసింది ఒకనాడు.
ఏమనలే. నా రెండు చేతులు వట్టి మీదికి లేపింది,
పైన ఎవరో దూలం మోస్తుంటే
మనం గూడ ఓ చెయ్యేసినట్టు.
"శ్వయ్య, శ్వయ్య" అన్నది.
ఇద్దరికి కలిసిన మాట అదొక్కటే.
అది నాది కాదు, ఆమెది కాదు.

మొదటిది మొగులు ఎత్తుడు.
రెండోది విల్లు గుంజుడు. చూపుడువేలు కొసకు
దూరంగ క్రేను మీది ఎర్ర దీపం.
రోజూ దాన్నే కొడ్త. తగలదు.
నాలుగోది ఎన్కకు తిరిగి చూసుడు,
అది నాకు నేర్పకముందే అచ్చు.
ఆరోదానికి కాళ్ళు అందయి.
ఏడోది కండ్లెర్రజేసి గుద్దుడు,
గప్పుడు మా ఫోర్‌మన్ యాదికొస్తడు, ఊపిరి తప్పుత.

ఓనాడు ఆమె ఫోనుల ఏదో అన్నది,
ఫోను హిందీల చెప్పింది:
ఈ కసరత్ పేరు ఎనిమిది పట్టు తానులు.
నవ్వొచ్చింది. నవ్వితే దగ్గొచ్చింది.
అమ్మమ్మా, సిరిసిల్లల పదకొండేండ్లు సాంచెలు నడిపిన.
రాత్రి పాళీ. ఒక్కని మీద ఎనిమిది సాంచెలు.
తెగిన పోగును చెవితోని దొరకవట్టెటోన్ని.
బట్ట సేటుకు వోయింది,
నుసి నా రొమ్ములకు.
ఇదంత చెప్పలే. ఫోనుకు సాంచె అంటే రాదు.
చేతులతోని చూపిచ్చిన: నాడె ఇటు, నాడె అటు, దడ్ దడ్.

ఆమె తన అరచెయ్యి ఇప్పింది.
చూపుడువేలు పక్కకు నున్నటి గీత,
పట్టుపోగు నడిచి నడిచి పడ్డ బాట.
చాలా సేపు దాన్నే చూసినం,
అంత సిన్న దాంట్ల అంత చూసెటందుకు ఏమున్నదో.

మా దిక్కు తానంటే బట్ట.
తానంటే మనిషి గూడ.
ఈ ముచ్చట ఆమెకు ఎట్ల జెప్పాలె?

నిన్న వీసా మెడికల్.
సల్లటి పలకకు ఛాతి ఆనిచ్చి
అద్దం ఎన్కకెల్లి పిల్ల "సాన్స్ రోకో" అన్నది.
మచ్చ కనవడితే వాపస్ టికెట్టే.
మా లింబన్న అట్లనే వోయిండు, బకెట్ల నానవెట్టిన అంగి ఇడిసి.
అది పిండి ఆరేసింది నేనే.
ఎనిమిదింట్ల ఏడ గూడ ఊపిరి ఆపుడు లేదు,
ఆపితే అమ్మమ్మ ఈపుల సరుస్తది.
అయినా ఆపిన.
కరెంటు పోతే నడుమల నిలిచిన నాడె లెక్క.
"ఛోడో."

ఇయ్యాల జేబుల ఫోను రెండుసార్లు వణికింది.
ఆమెకు ఇనవడ్డది. కనుబొమ్మతోనే అన్నది: అయినంక.
ఎనిమిదోది మడిమలు లేపి ఇడుసుడు. ఏడుసార్లు.
ఒకటి.
రెండు. మూడు.
పక్క గోదాము షట్టరు లేసింది.
నాలుగు.
ఐదు మెల్లగ.
ఆరు ఇంకింత మెల్లగ.
ఏడోదానికి ఇద్దరం మడిమలు లేపినం.
నేను దించలేదని
ఆమె గూడ దించుతలేదు.