రెండో తాళంచెయ్యి

బండి అమ్మినప్పుడల్లా ఒక అబద్ధం ఆడిన.
"రెండో తాళం ఎక్కడ్నో పోయింది భాయ్" అని.
పోలేదు. నా మొలతాడుకుంది.
కొందరు నమ్మిన్రు,
ఒక్కడు యాభై రూపాలు పట్టుకొని ఇచ్చిండు.

తాళంచెవి అంటరట కొన్ని దిక్కుల.
మా జగిత్యాల దిక్కు తాళంచెయ్యి అంటం.
నాకు మా మాటే ఖరారు.
చెవి వింటది, అంతే.
చెయ్యి ఇడిసిపెట్టదు.

షార్జా సనయ్య, పదో నంబరు.
రేకుల షెడ్డు కింద పొద్దుగాల ఏడుకే
పానాలు పట్టుకుంటె కాలుతయ్.
గుల్జమాన్ గ్యారేజీల నాది ఇంజన్ల పని,
ఇరవై రెండేండ్ల సంది.
డెలివరీ పిలగాండ్ల బండ్లు వరుస కడుతయ్,
వీపుల మీద డబ్బాలు మోసుకుంట
బడికి పోయే పోరగాండ్ల లెక్క.
నేను కండ్లు మూసుకొని వింట.
"నీ చెయిన్ ఏడుస్తున్నది, నూనె తాపలేదా?"
"నీ క్లచ్చు మంచిగనే ఉంది,
తొందరంత నీ ఎడమ చేతులనే ఉంది."

మొదటిది లూనా.
అదొక బండేనా అని నవ్వేటోళ్లు నవ్వనీ.
బీడీల కంపెనీ మునీమ్ దగ్గర కొన్న.
మిట్ట ఎక్కాలంటె పెడలు తొక్కాలె,
సగం కష్టం దానిది, సగం నాది.
గసొంటి పొత్తు మల్ల ఏ బండితోని కుదరలేదు.

రాజ్‌దూత్ కిక్కు ఎనుకకు తన్ని
పిక్క మీద ముద్రేసింది.
ఇంకా ఉంది, లుంగీ ఎత్తితె కనవడ్తది.

యెజ్డీ మీద భూలక్ష్మి ఒక్కతట్టు కూసునేది.
రెండు సైలెన్సర్ల పొగ మల్లి చూసి
"మనం ఊరికి పోతున్నమా,
చేనుకు మందు కొడుతున్నమా?" అన్నది.
ఆమె మాటలల్ల నేను నవ్విన మాట అదొక్కటే.
తతిమ్మవన్ని నిజాలు.

ఆర్ఎక్స్ సంగతి చెప్ప.
వీసా పైసలకు పోయింది, గంతే.
ఏజెంటే కొన్నడు.
నేను బొంబాయి బస్సెక్కుతుంటె
దాని మీదనే కూసోని చెయ్యి ఊపిండు.

ఇక్కడ లైసెన్సు మూడుసార్లు తప్పిన.
ఎనిమిది అంకె తిరగమంటరు,
కాలు కింద పెట్టొద్దంటరు.
పన్నెండేండ్లు నేలకు కాలానకుంట తిరిగినోన్ని,
తెల్ల గీత చూస్తె మోకాలు ఒణికింది.
నాలుగోసారి పాసైన, ఆ వారమే
ఖాళీ చేసి పోతున్న మిస్రీ గుమస్తా దగ్గర
ఉప్పుగాలి తిన్న సుజుకీ కొన్న.
శుక్రవారం నాలుగ్గొట్టంగ లేచి
మసాఫీ దాక పోతం, అదీ నేనూ.
కొండ నీడల ఆపుత.
ఇంజను సల్లవడుకుంట
టిక్కు... టిక్కు... అంటది.
నాకు తెలిసిన నమాజు గదే, పూజ గదే.

పోయిన ఆగస్టుల, మిట్టమధ్యాన్నం
హేంలాల్ అనే నేపాలీ పోరడు
ఇసుకల తాళం పోగొట్టుకొని వచ్చిండు,
బండి నూక్కుంట, డబ్బాల బిర్యానీతోని.
మొలతాడు ఇప్పి గుత్తి తీసిన.
లూనాది పట్టనే లేదు.
రాజ్‌దూత్‌ది సగం పోయి తట్టుకున్నది.
ఆర్ఎక్స్‌ది అరిగీ అరిగీ సన్నవడ్డది గదా,
నీళ్లల్ల చేప పోయినట్టు పోయింది మొత్తం.

నేను తిప్పలేదు.
విరుగుతదని కాదు,
తిరుగుతదేమోనని.

మెల్లగ బయటికి గుంజి
అంగీకి తుడిచి మొలల పెట్టుకున్న.
వైర్లు కోసి కలిపి స్టార్టు చేసిచ్చిన.
"ఎంత దాదా?" అన్నడు.
"పైసలొద్దు. కొత్త తాళం చేపిచ్చినప్పుడు
రెండు చేపిచ్చుకో."
"రెండోది ఎందుకు?" అన్నడు హెల్మెట్ల నుంచి.
నేను నోరు తెరిచేలోపట
వాని ఫోను మోగింది, ఇంకో ఆర్డరు.
పోయిండు.

రెండో గేరుల మస్తుసేపు గుంజుతున్నడు.
రేపొస్తె చెప్పాలె.