కిటికీలో ఇంకో వారం

టైర్ల కొట్టుకీ లాండ్రీకీ నడుమ
ఇరుక్కుని నిలబడ్డ నా దుకాణం.
మిల్వాకీలో ఫిబ్రవరి.
బయట మంచు బూడిదరంగుకి తిరిగిపోయింది.
లోపల నిమ్మపండు, నెమలికంఠం, మండే నారింజ
హ్యాంగర్ల మీద ఒకదాన్నొకటి మోచేతుల్తో పొడుచుకుంటాయి.

తలుపుకి గంట కట్టాను.
తెరిస్తే మోగుతుంది, మూస్తే మోగుతుంది,
ఊరికే గాలికీ మోగుతుంది.
అందుకే ప్రతిసారీ తలెత్తను.

శనివారం జనం రకరకాలు.
సాల్సా క్లాసుకి వెళ్ళే బ్యాంకు పిల్ల
కుచ్చుల ఎర్ర గౌను తొడుక్కుని
అద్దం ముందు ఒక్క చుట్టు తిరుగుతుంది.
ఆమె ఆగాక అరక్షణానికి కుచ్చులు ఆగుతాయి.
బేరం అక్కడే కుదిరిపోయింది, నేను నోరు విప్పక్కర్లేదు.

పదిహేనేళ్ళ పండక్కి కిరీటం వెతుకుతూ
ముగ్గురు మేనత్తలు, మూడు అభిప్రాయాలు.
పిల్లది నాలుగోది, దాన్నెవరూ అడగలేదు.
తాగువా గింజల చెవిపోగులు చెవికి ఆనించి
ధర చూసి, మెల్లగా, నిద్రపోతున్న పిల్లని దించినట్టు
మళ్ళీ పళ్ళెంలో పెట్టేవాళ్ళు కొందరు.

గడ్డంలో మంచుతో ఒకాయన అడుగుతాడు,
"ఇది చేత్తో కుట్టిందేనా?"
ఇది చేత్తో, అది మిషను మీద.
అబద్ధమాడితే రెండూ అమ్ముడుపోతాయి గాని
మా అమ్మ కుట్టిన జాకెట్టు ఆ పక్కనే వేలాడుతోంది,
వింటుంది.

ఒబ్దూలియా వచ్చింది ఆగస్టులో.
ఆసుపత్రి లాండ్రీలో రాత్రంతా
తెల్ల దుప్పట్లు మడతపెట్టే మనిషి.
కిటికీలో నల్ల పరికిణీ,
దాని మీద అరచేయంత పువ్వులు, పచ్చవీ ఎర్రవీ.
ముందు ధర అడగలేదు.
ఒక పువ్వు మీద బొటనవేలు పెట్టి
రేకు రేకూ తడిమింది,
తెలుపు తప్ప ఏదైనా సరే అన్నట్టు.

నూట నలభై డాలర్లు.
వారానికి అయిదు, అంది.
నా నోటుబుక్కులో ఆమెకో పేజీ.
అయిదు. అయిదు. అయిదు.
ఒకసారి రెండు, "మిగతా మూడూ పంటి డాక్టరు పీకేశాడు."
మరుసటి వారం ఎనిమిది.
ఒకసారి అన్నీ చిల్లర నాణేలు,
లెక్కపెడుతుంటే సబ్బు వాసన.

సెప్టెంబరులో బ్యాంకు పిల్ల ఆ పరికిణీకి
రెండొందలిస్తానంది.
అమ్ముడైపోయిందమ్మా, అన్నాను.
నిజానికి అప్పటికి అమ్ముడైంది పావు పరికిణీ,
మహా అయితే నడుము పట్టీ, రెండు పువ్వులూ.
ఆ నెల షాపు అద్దె ఎలా కట్టానో
ఇప్పుడు చెప్పను.

ఇవాళ ఆఖరి అయిదు.
పేజీకి అడ్డంగా గీత కొట్టి
పల్చటి కాగితం పరిచాను, మడతపెడదామని.
ఆగమంది.
డ్యూటీ ప్యాంటు మీదే, మంచు బూట్లతోనే
పరికిణీ తొడుక్కుని అద్దంలో చూసుకుంది.
తిరగలేదు. నవ్వలేదు.
అంచు పట్టుకుని కొంచెం ఎత్తి వదిలింది, అంతే.

విప్పి నా చేతికే ఇచ్చింది.
"దీన్ని కిటికీలో ఇంకో వారం ఉంచు, ఎర్మెలిందా.
పొద్దున ఆరూ పదికి నా బస్సు ఇటే పోతుంది.
ఆర్నెల్లుగా దీన్ని అడుక్కునేదానిలా చూశాను.
ఒక్క వారం
నాదాన్ని నేను చూసినట్టు చూడనీ."

ధర చీటీ కత్తిరించి ఆమె చేతిలో పెట్టాను.
పర్సులో గుర్తింపు కార్డు వెనక దోపుకుంది.

నేను షాపు తెరిచేది పదింటికి.
సోమవారం ఆరింటికే వచ్చాను,
చేతులు కొంకర్లు పోతుంటే తాళం రెండుసార్లు జారింది.
కిటికీ దీపం వేసి
బొమ్మ నడుము కాస్త వీధివైపు తిప్పాను.

బస్సు వచ్చింది. ఇక్కడ స్టాపు లేదు, ఆగలేదు.
ఆవిరి పట్టిన అద్దాల వరసలో
వెనక నుంచి మూడో దాన్ని
ఎవరో అరచేత్తో గబగబా తుడిచారు.