గడువు

రంపపు మిల్లు షెడ్డు నిండా తడి పైన్ పొట్టు వాసన.
వోరు ఊరి చివర, అక్టోబరు శుక్రవారం, చీకటి పడుతోంది.
ముప్పై నాలుగు కార్లు, ఒక్క బల్ల,
దారంతో కట్టేసిన పెన్ను, నేను.

జనం ర్యాలీ అంటారు మా ఎస్తోనియాలో దీన్ని.
వారమంతా పాలవ్యాను తోలేవాడూ
బడిలో లెక్కలు చెప్పే ఆవిడా
రేపు అడవిదారి కంకర మీద గాల్లోకి లేస్తారు.

నాకు అరవై మూడు.
కుర్రాళ్ల బనీన్లు తిరగేసి
మెడ దగ్గర కుట్టిన గుర్తు చదవడం నా పని.
"సాక్సులు కూడానా, హెల్వే?"
సాక్సులు కూడా.
మంటకి సిగ్గుండదు నాయనా,
ఏ సందులోంచైనా వస్తుంది.

హెల్మెట్లని వేలి కణుపుతో తడతాను,
పొయ్యిలోంచి తీసిన రై రొట్టె అడుగు తట్టినట్టు.
ఒకటి బొంగురుగా పలికింది.
"కింద పడిందా?"
"లేదు."
"ఎంత ఎత్తు నుంచి?"
"...అటక మీంచి."

ఇరవై ఏడో నంబరు, పాత లాడా.
తలుపు మీద పేర్లు, పేర్ల పక్కన రక్తం గ్రూపులు:
రైగో, వాడి పక్కన దారి చదివే ఎగ్లే.
ఇనప పంజరం బోల్టులు బిగువుగానే ఉన్నాయి,
తల తగిలే చోట మెత్త చుట్టి ఉంది.
ఇద్దర్నీ కూర్చోబెట్టి బెల్టులు బిగించాను.
కళ్లు మూసుకోండి.
బెల్టు కోసే కత్తి తీయండి.
ఇప్పుడు ఎడం చేత్తో.
ఇప్పుడు కారు బోర్లా పడిందనుకుని.
ఎగ్లేకి దొరికింది.
రైగో చేతికి పిప్పరమెంట్ల పొట్లం దొరికింది.

అప్పుడు చూశాను, బెల్టు అంచున చీటీ.
గడువు దాటి పది నెలలు.

"కొత్తదానిలా ఉంది కదా!" అన్నాడు.
ఉంది. ఎర్రగా, నిగనిగా, ఒక్క పోగు లేవకుండా.
"నిన్నటి అర్ధరాత్రికీ ఇవాళ్టికీ ఏం మారుతుంది?"
ఏమీ మారదు.
ఎండ దారాన్ని తింటూనే ఉంటుంది,
ఏ రోజు తినడం ముగించిందో ఎవరికీ చెప్పదు.
అందుకే మనమే ఒక తేదీ రాసుకుంటాం.

వాడు ఇంకేదో అనబోయి
మంటలార్పే సిలిండరు మీదున్న నా ఎడం చెయ్యి చూశాడు.
మణికట్టు నుంచి వేళ్లదాకా
ఉడికిన పాల మీగడలా ముడతపడి మెరిసే చర్మం.
ఎనభై ఏడులో మా కార్లోనూ సిలిండరు ఉండేది.
దాని పిన్ను కూడా ఉండేది, తీయకుండా.
చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం
అందరికీ సామెత.
"బయల్దేరే ముందు పిన్ను తియ్యి" అన్నాను,
అంతే అన్నాను.

బెల్టుల్ని నాలుగు చోట్ల కత్తిరించాను.
కత్తెర కింద అవి గట్టిగానే మొరాయించాయి,
నాకు కాస్త అనుమానం కూడా వేసింది.
ఎగ్లే మొహం తిప్పుకుంది.
గేరుబాక్సు పగిలి ఇంటిదారి పడుతున్న కల్యు
తన కారులోంచి ఓ జత విప్పి
మాట్లాడకుండా బల్ల మీద పడేశాడు.
చీటీ చదివాను. ఇంకా రెండేళ్లుంది.

శనివారం వాన.
మూడో దశ, గోధుమ చేను దాటాక వంపు.
ఇరవై ఆరు వెళ్లింది. ఇరవై ఎనిమిది వెళ్లింది.
మధ్యలో ఒక ఖాళీ,
అందులో వాన చప్పుడు మాత్రమే.
రేడియో గరగరలాడింది. మళ్లీ ఆగింది.
చేతిలో టీ చల్లారిపోయిందని
ఆలస్యంగా తెలిసింది నాకు.
"ఇరవై ఏడు కాలవలో. దారి పక్క త్రికోణం పెట్టారు.
పిల్ల నిలబడి ఓకే అట్ట చూపిస్తోంది.
అబ్బాయి..."
గరగర.
"అబ్బాయి పిప్పరమెంట్లు ఏరుకుంటున్నాడు."

పాత బెల్టులు వాళ్లకీ నాకూ కాకుండా
షెడ్డు మూలన పడున్నాయి.
సాయంత్రం వాటిలో పొడుగాటి ముక్కతో
బిర్చి కట్టెలు మోపు కట్టుకుని ఇంటికెళ్లాను.
కట్టెలకి బాగానే ఉంది.
కట్టెలు మలుపులు తిరగవు కదా.