ఆదివారం బడి

విశాఖ హార్బరు వెనక, ఐసు ఫ్యాక్టరీ మేడమీద
ఆదివారాలే తెరిచే బడి మాది.
హాజరు పిలిస్తే
ముందు చేపల వాసన పలుకుతుంది,
తర్వాత మనిషి.

మైలపల్లి బంగారికి ఇరవై రెండేళ్లు.
వడ్డీ లెక్క నోటితో చెప్పేస్తుంది,
బోర్డు మీద రాయమంటే సుద్దముక్క విరుగుతుంది.
"తప్పైతే కొడతారేటి?" అంది మొదటిరోజు.
ఎవరమూ కొట్టలేదు.
తప్పు పక్కన ఇంకో తప్పు రాసింది,
దాని పక్కన జవాబు.

మొన్న జూన్‌లో, డిగ్రీ కాలేజీ కిటికీ దగ్గర
'చదివిన పాఠశాల' అన్న గడి చూసి ఆగింది.
వెనక వరస గొణుగుతోంది.
మా బడి పేరు పొడుగు, గడి చిన్నది;
గీత దాటించి రాసేసింది.

రసీదు అందుకుని
కిటికీలోకే మళ్లీ తోసింది:
"నలభై ఎక్కువేసేరు. ఓపాలి కూడండి బాబూ."