దుప్పటంత జాగ

గంటకు తొమ్మిది వందలు.
డీజిల్ నాది, డ్రైవర్ని నేనే.
సిరొంచ నుంచి అంకీస దాకా
ఏ చెలకల ఏ బండ దాక్కున్నదో
నా నాగండ్లకు ఎరుక.

పోయిన ఎండకాలం రాత్రిపూట దున్నిన,
పగలు ఇనుము ముట్టరాకుండె గనుక.
పత్తికట్టె పీకేసిన చేను.
లైట్ల వెలుగుల దుబ్బ దూదిలెక్క లేస్తున్నది.
ఒక పిట్ట చక్రం ముంగట కూసున్నది, లేవలే.
హారన్ కొట్టిన.
లేచింది, రెక్క ఇరిగినట్టు ఈడ్చుకుంట
పక్కకు, ఇంకా పక్కకు
నన్ను పిలుసుకుంట.
దెబ్బ తాకిందేమో అనుకున్న గాని
బండి ఆపలే. గంట నడుస్తున్నది.

తెల్లారి చాయ్ తాగుకుంట చూసిన,
రోటావేటర్ పండ్లకు ఎండిన పచ్చసొన.
మూడు దినాలు ఆ పిట్ట
చాళ్ల మీద తిరుగుకుంట అడిగింది.
ఏమడిగిందో చెప్ప.
అది నా దగ్గరనే ఉండనీ.

మా అవ్వ ఉన్నప్పుడు
ఇంటి మీదికెళ్లి తీతువ అరిస్తే
పొయ్యిల ఉప్పేసి థూ అని ఉమిసేది,
ఎవలింటి దీపమో ఆరుతదని.
బళ్లె మరాఠీ సారు టిటవీ అనేటోడు.
రెండు పేర్లూ దాని అరుపుకెళ్లి పుట్టినయే.
అప్పుడు ఒక్క చేన్ల మూడు జంటలు.
ఇప్పుడు ప్రాణహిత ఒడ్డుపొంటి మూడూళ్లు తిరిగితే
మూడు జంటలు.
అవ్వ ఉప్పు ఆదా అయితుండె.

ఈ ఏడు అరిగెల లస్మక్క చేను.
బండి ఊళ్లెనే ఆపి, దిగి నడిచిన,
చెప్పులు చేతుల పట్టుకొని, నడుము వంచి.
చెలకంత గుడ్లలాంటి రాళ్లు.
నాకు రాళ్లలాంటి గుడ్లు కావాలె.
రెండు గంటలు, పైసలు రాని గంటలు.
ఆఖరికి దొరికినయ్:
మేకపెంటికలు పేర్చిన చిన్న గుంత,
మొనలు లోపలికి పెట్టి నాలుగు
ఒక్క కంచంల తింటున్నట్టు.

చుట్టూ నాలుగు పత్తికట్టెలు పాతిన.
ఒకదానికి నా ఎర్ర తువాల చింపి కట్టిన.

లస్మక్క కొడుకు సడవలి నవ్విండు:
"సాత్‌బారల దీని పేరు ఎక్కియ్యాల్నా మామా?"
వద్దన్న. తలాఠి సంతకం పెట్టేలోపు
పిల్లలకు పిల్లలు పుడుతయన్న.
లస్మక్క నవ్వలే.
ఆ దుప్పటంత జాగను కండ్లతోటి కొలిచి
"ఆరు పత్తి గింజలు పడుతుండె" అన్నది.
అని, కుక్కను తోలుకొని ఇంటికి పోయింది.
నెలరోజులు ఆ కుక్క గుంజకే ఉన్నది.

వైశాఖం మిట్టమధ్యాహ్నం
బండి నీడల పండుకొని చూసిన.
నెత్తిన నల్లటోపి, కంటి ముంగట పసుపు తోలు,
ఎగిరి ఇసుకల దారమంత పారే నదికి పోతది,
రొమ్ము తడుపుకొని వస్తది,
గుడ్ల మీద కూసుంటది.
మళ్ల పోతది.
కడుపుతోటి నీళ్లు మోస్తున్నది.
నేను రేడియేటర్‌ల పోసేటందుకు
బాటిల్ మర్చిపోయిన దినమది.

మిరుగానికి ముందు మూడు పిల్లలు లేచినయ్.
పుట్టిన పూటకే నడిచినయ్.
తల్లి ఒక్క కూత కూస్తే
మూడూ మట్టయినయ్.
నేను కాలు కదపలే చాన సేపు.
నాలుగో గుడ్డు అట్లనే ఉండిపోయింది.
వారం చూసి, చెవికాడ పెట్టుకొని విని,
దూదిల చుట్టి
టూల్‌బాక్సుల స్పానర్ల పక్కన పెట్టుకున్న.
ఎందుకో నాకే ఎర్క లేదు.

ఈడ నాదిగాక ఇంక నాలుగు ట్రాక్టర్లున్నయ్.
నిన్న రాత్రి దుర్గం బానయ్య ఫోన్ చేసిండు.
"రేపు నది పక్క పదెకరాలు దున్నాలె.
ఆ గుడ్లు ఎట్లుంటయే మామా?"
చెప్పరాలే.
రాళ్లలెక్క ఉంటయన్న. నవ్విండు.
పొద్దుగాల వస్త, బండి స్టార్ట్ చెయ్యకు,
చెప్పులిడిచి ఉండు అన్న.

నాలుగోదాన్ని జేబుల పెట్టుకొని పోతున్న.
చూపెట్టాలె గదా.