రాత్రిపాళీ అద్దం

సాందోమియెజ్‌లో మంచు రాత్రి.
దుమ్ము రానివ్వని తెల్లగదిలో బోగుమీవా
కడిగారిన అద్దం మీద
మెత్తని ప్లాస్టిక్ పొర పరిచి
రెండో అద్దాన్ని ఊపిరి బిగబట్టి దించింది.
అంచున మిగిలినదాన్ని
గోళ్లు తీసినట్టు బ్లేడుతో తీసింది.

రోలర్ల మధ్య నలిగొచ్చినా
అదింకా పలచని మజ్జిగే.
ఆటోక్లేవ్‌లో నూట నలభై డిగ్రీలు,
పన్నెండు బార్ల ఒత్తిడి.
బయటికొచ్చాక
ఉందో లేదో చెయ్యి పెట్టి చూసుకోవాలి.

తెల్లారగట్ల పరీక్ష గదిలో
ఉక్కుగుండు పడింది.
గది నిండా చప్పుడు, పలక నిండా సాలెగూడు.
ఒక్క పెంకూ రాలలేదు.
"నిలిచింది" అని రాసుకున్నాడు వీటోల్డ్.

పక్క పలకను ఆమె దీపానికెత్తింది.
మూలన కనురెప్ప వెంట్రుక. తనదే.
ఇక ఎన్నేళ్లకీ నెరవదు.
ఎవరూ చూడలేదు.

తుక్కుబండి దాకా
తనే మోసుకెళ్లింది.