ఏ గుర్రం మీద వచ్చావు?

మొఖోట్లాంగ్ సంతలో మంచు ఇంకా విడలేదు.
కంబళ్ళు కప్పుకున్న మనుషులు,
ఏమీ కప్పుకోని గుర్రాలు,
అందరి ముక్కుల్లోంచీ ఒకటే ఆవిరి.

పిన్నీసు పెట్టిన లోజేబులో
ఆరువేల మలోటీలు.
నా భుజం పట్టుకుని
చూపు పోయిన మేనమామ, రమొహపి.
"గుర్రాన్ని చూడ్డానికి గుడ్డివాణ్ణి తెచ్చావా అమ్మాయ్?"
ఎవరో నవ్వారు.
మామ కూడా నవ్వాడు.
ఆయన పళ్ళు లెక్కపెట్టడం చాలా సులువు.

నాకు పందెపు గుర్రం అక్కర్లేదు.
టీకాల పెట్టె మోసేది కావాలి.
సెంకు దాటి, మూడు కొండలెక్కి,
పెట్టెలో మంచుగడ్డ నీరవకముందే
ఆఖరి ఊరు చేరేది.
పోయినేడు అద్దె గాడిద మీద వెళ్ళాను.
నది నడిమధ్యలో నిలబడి
అది గంటసేపు ఆలోచించింది.

మొహనోవె మూడింటిని తెచ్చాడు.
మొదటిది నల్లది. నూనె రాసినట్టు మెరుస్తోంది.
నూనే రాశాడు:
మామ దాని మెడ నిమిరి
అరచెయ్యి నా ముక్కు దగ్గర పెట్టాడు.

రెండోదానికి ఏడేళ్ళన్నాడు.
దానమిచ్చిన ఆవు కాదు కదా,
పళ్ళు లెక్కపెడితే తప్పులేదు.
మామ బొటనవేలు దవడలోకి పోయి
ఒకచోట ఆగింది.
"ఆకురాయి తిరిగిన పళ్ళివి.
దీనికి ఏడేళ్ళు వచ్చి ఏడేళ్ళయింది."

మూడోది నాకు నచ్చింది, దాచడం ఎందుకు.
గోధుమ రంగు, నుదుట పాలచుక్క,
మనసులో పేరు కూడా పెట్టేశాను.
నడిపించమన్నాడు మామ.
కళ్ళు మూసుకున్నాడు (మూసినా తెరిచినా ఒకటే,
పాత అలవాటు).
గడ్డకట్టిన నేల మీద గిట్టలు
టక్కు, టక్కు, టక్కు,
కాసేపటికి ఇంకో టక్కు.
"నాలుగో కాలు వెనక వస్తోంది.
చదును మీద అబద్ధమాడుతుందిది.
దిగుడులో ఆడలేదు."
పెట్టిన పేరు
నేనే వెనక్కి తీసుకున్నాను.

పొద్దెక్కింది. మొహనోవె మాటలు కోటలు దాటాయి,
గుర్రాలు మాత్రం కట్టుకొయ్య దాటలేదు.
అప్పుడడిగాడు మామ, ఏదో క్షేమం అడిగినట్టు,
"మీ ఊరెంత దూరం నాయనా?"
"రెండు కనుమల అవతల."
"చీకటితోనే బయల్దేరుంటావు."
"కోడి కూయకముందే. మోకాలిలోతు మంచు."
"ఏ గుర్రం మీద వచ్చావు?"

పొద్దున్నుంచి మొదటిసారి
మొహనోవె నోటికి మాట దొరకలేదు.

గోడచాటున ఉందది.
బూడిదరంగు పొట్టి ఆడగుర్రం.
ఒక చెవి అంచు చిరిగి ఉంది,
జీను ఒరుసుకున్నచోట బొచ్చు నెరిసింది.
కట్టెయ్యలేదు. పగ్గం నేల మీద పడి ఉంటే
దాని పక్కనే నిలబడి ఉంది, కాపలా ఉన్నట్టు.
మామ వంగగానే
చెప్పులు కుట్టేవాడికి ఇచ్చినట్టు
ఒక్కో కాలూ తనే ఎత్తి ఇచ్చింది.
డొక్కకి చెవి ఆనించి
ఆయన చాలాసేపు లేవలేదు.

"అది అమ్మేది కాదు."
"అందుకేగా అడుగుతున్నది."

బేరం మధ్యాహ్నం దాటింది.
మొహనోవె రెండుసార్లు వెళ్ళిపోయాడు,
మూడుసార్లు తిరిగొచ్చాడు.
చివరికి నాకు అయిదువందలు తక్కువ పడ్డాయి.
"మీ ఊరూ నా దారిలోదే,
టీకాల రోజున తెచ్చిస్తాను" అన్నాను.
"దీని మీదే వస్తావా?"
"ఇంకేం ఉంది నాకు?"
పగ్గం నా చేతిలో పెట్టి
మొహం అటు తిప్పుకుని
నోట్లు లెక్కపెట్టాడు, తప్పుగా, రెండుసార్లు.

తిరుగుదారిలో మామ అడిగాడు,
"వాడేం చేస్తున్నాడు? చూసి చెప్పు."
చూశాను. కనుమ వైపు బాటలో
మూడు గుర్రాల్ని వెంట నడిపించుకుంటూ,
జీను తన భుజాన వేసుకుని...
"నడిచి వెళ్తున్నాడు మామా."

"అయితే సరే" అన్నాడు,
చిరిగిన చెవిని తడిమి చూసుకుంటూ,
"మంచి గుర్రాన్నే కొన్నాం."